స్టేడియం గోడలో మాకు వదిలిన గేటు

మొన్న మోకాళ్ళ నొప్పి చూపించుకోవడానికి వెళితే, డాక్టరమ్మ రోజూ కాసేపు చదునైన నేల మీద నడవమని చెప్పింది. మా ఊళ్ళో చదునైన నేలంటే స్టేడియమే కాబట్టి, పాత గని కూలీల ఇళ్ళ వరసలైన మా లైన్ల వైపున్న చిన్న గేటులోంచి లోపలికి వెళ్ళి, టైల్సు పరిచిన దారి మీద నడుస్తున్నాను. చెవుల్లో పాటలు పెట్టుకున్న పిల్లలు నన్ను దాటుకుని నేరుగా వెళ్ళిపోతుంటే, ఈ దారి కోసం ఒకప్పుడు ఇవే మోకాళ్ళ మీద ఎంత ప్రార్థించానో గుర్తొచ్చి, నవ్వాలో ఏం చేయాలో తెలియక బెంచీ మీద కూర్చుండిపోయాను.

మా ఊరి బంగారు గనులు మూతపడిన తరువాతి రోజులవి. షిఫ్టుకు పిలిచే గని హూటరు మోగని పొద్దులకు అప్పటికింకా మేము అలవాటు పడలేదని మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. లైన్లలో సగంమంది మగవాళ్ళలాగే మా ఇంటాయన కూడా తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరులో కాపలా పనికి పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవారు. అలాంటి కాలంలో ఒకరోజు, లైన్లకూ చర్చికీ మధ్యనున్న పెద్ద మైదానంలో ఎవరో మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి కొలతలు తీయడం మొదలుపెట్టారు. కొలిచేవాళ్ళు వచ్చారంటే గనులు మళ్ళీ తెరుస్తారనే మాకు అర్థమైంది. ఎదురింటి తాత పెట్టె అడుగునుంచి పాత బూట్లు తీసి నూనె రాసి ఎండలో పెట్టాడు. అది స్టేడియం కోసమని తెలిశాక కూడా ఆయన ఒప్పుకోలేదు. "ఎగిరి దుమికేదానికి ఇన్ని కొలతలెందుకప్పా, లోపల ఏమో ఉండాది, మనకు చెప్పరు" అంటూ ఆ బూట్లను చాలా రోజులు గడప దగ్గరే ఉంచుకున్నాడు.

నన్ను బడికి పంపే వీలు లేక మా నాన్న సాయంత్రాలు బైబిలు తెరిచి దానిలోనే అక్షరాలు నేర్పించాడు. తమిళం, కన్నడం అరుగుల మీద వాటంతటవే వచ్చాయి. ఆ కాస్త చదువుకే దేవుడు ఒక పని చూపించాడు. స్టేడియానికి జనం ఎటునుంచి వస్తారు, బస్సులు ఎక్కడ ఆగాలి, నడిచేవాళ్ళు ఎటు నడవాలి అని ఆలోచించడానికి బెంగళూరు నుంచి ఒక ఇంజినీరు అమ్మాయి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళతో మాట్లాడటానికి ఆమెకొక తోడు కావాలంటే, పాస్టరుగారి భార్య నా పేరు చెప్పింది. బేతమంగళ బస్సువాళ్ళనూ, కామసముద్రం నుంచి సంతకు వచ్చేవాళ్ళనూ, ఆండర్సన్‌పేట ఆటోవాళ్ళనూ అడుగుతూ ఇద్దరం ఎండలో తిరిగాము. ఆ అమ్మాయి నన్ను ఏనాడూ తక్కువగా చూడలేదు, నీళ్ళ సీసా ముందు నాకిచ్చి ఆ తరువాతే తాను తాగేది.

ఆమె పద్ధతి నాకు కొత్తగా ఉండేది. ఎటు నడుస్తారని అడిగి ఊరుకోకుండా, మైదానం దాటేవాళ్ళ వెనకే నడిచి, వాళ్ళు పోయిన దారిని కాగితం మీద గీసుకునేది. అట్లా గీస్తుండగా ఆమెకొక వింత కనబడింది. లైన్ల నుంచి చర్చికి పోయే ప్రతి ఒక్కరూ నేరుగా పోకుండా, ఏమీ లేని ఖాళీ నేలలో ఒకచోట చటుక్కున ఎడమకు తిరిగి, కొంతదూరం పోయి, మళ్ళీ దారిలో పడుతున్నారు. ఇక్కడెందుకు తిరుగుతారని ఆమె అడిగాకే, పుట్టినప్పటినుంచీ నేనూ అట్లాగే తిరుగుతున్నానని గమనించుకున్నాను.

అందరినీ అడిగాను. గనిలోకి దించే దుంగలు పేర్చింది అక్కడేనని తాత చెబితే, దుంగలు కాదు, కంచె ఉండేదని ఆయన తమ్ముడు వాదించాడు. పక్కింటి తమిళ అక్క "దెయ్యానికి దావ ఇస్తా ఉండామేమో" అని నవ్వింది. మా ఇంటాయన "మా యమ్మ తిరిగింది, నేనూ తిరిగినా" అని అన్నం కలుపుకున్నారు. చివరికి మా అత్తమ్మనే అడిగాను. "ఏముండిందో నాకేం తెలుసమ్మా. ఆడ తిరిగితే కాళ్ళ కింద పల్లం తగలతాది. పల్లం దిగితే చర్చి మెట్లు" అంది.

అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు అప్పటికే చూపు పోయి వెలుతురూ నీడా మాత్రమే తెలిసేవి. అయినా రోజూ పొద్దున ప్రార్థనకు ఆ మైదానం దాటి ఒంటరిగా వెళ్ళేది. చేయి పట్టుకోబోతే "నేనేమన్నా పెండ్లికూతురినా, నడిపించుకోని పోయేదానికి" అని విదిలించుకునేది. ఇంట్లో నీళ్ళ చెంబుకు కూడా ఒకరి మీద ఆధారపడిన మనిషికి, తనదంటూ మిగిలింది ఆ నడక ఒక్కటే. మొదట వేసిన ప్లానులో స్టేడియం చుట్టూ గోడ, గేటు మాత్రం చర్చి పక్కనున్న బస్సుల రోడ్డు వైపే. అంటే లైన్లవాళ్ళు చర్చికి పోవాలంటే లారీలు తిరిగే రోడ్డంట చుట్టి పోవాలి, అత్తమ్మ నడక అంతటితో సరి. ప్రభువా, ఆ దారి మూయనీయకు అని రోజూ మోకరించాను.

బడి హాల్లో మీటింగు పెట్టారు. ఆటోలు గేటు దాకా రాకూడదంటే, ఒక ఆటో అతను లేచి "ముసలోళ్ళను మీరు ఎత్తుకోని పోతారా సార్" అన్నాడు. ఇంజినీరు అమ్మాయి తను గీసిన దారి చూపించి, లైన్ల వైపు ఒక చిన్న గేటు ఉండాలని అడిగింది. పెద్ద అధికారి విసుగ్గా, అక్కడ ఎవరు నడుస్తారమ్మా అన్నాడు. వెనక బెంచీలోంచి అత్తమ్మ లేచింది. "నేను నడస్తానప్పా. మీ ఆట నాకు అగపడదు, అడ్డం రాను. దావ మాత్రం ఉండనీండి." హాలంతా నవ్వింది, అధికారీ నవ్వాడు. గేటు మంజూరైంది. ఆ రాత్రి నేను చెప్పుకున్నన్ని స్తోత్రాలు నా పెళ్ళినాడు కూడా చెప్పుకోలేదు.

గోడ లేచింది, గేటు వచ్చింది, దారీ వచ్చింది. చక్రాల కుర్చీ కూడా పోయేలా నేలంతా చదును చేసి, నున్నటి టైల్సు పరిచి, రెండు పక్కలా ఇనుప కమ్మీలు నాటారు. దారిని నేరుగా వేశారు. వంకరగా వేయమని ఎవరడుగుతారు? లైన్లవాళ్ళందరమూ వచ్చి చూసి సంతోషించాము.

తెరిచిన మరునాడు అత్తమ్మ బయలుదేరితే నేను గేటు దగ్గర నిలబడి చూశాను. బాగానే నడిచింది. ఆ చోటికి రాగానే ఎడమకు తిరిగి కమ్మీకి గుద్దుకుంది. దాన్ని తడుముకుంటూ రెండడుగులు వేసి, పల్లం కోసం పాదంతో నేలను వెతికింది. ముందుకూ వెనక్కూ తిరిగి, ఎటు మొగం పెట్టాలో తెలియక నిలబడిపోయింది. నేను పరుగెత్తి దగ్గరికి పోతే "యాడ ఉండానమ్మా నేను?" అని అడిగింది, చిన్నపిల్ల గొంతుతో.

మరునాటినుంచి తానే చేయి చాచేది. పెండ్లికూతురి మాట మళ్ళీ అనలేదు. కొన్నాళ్ళకు ఇంజినీరు అమ్మాయి వచ్చి, దారి బాగుందా అవ్వా అని అడిగితే, అత్తమ్మ ఆ అమ్మాయి తల నిమిరి "నీ కడుపు చల్లగుండ, ఒక రాయన్నా కాలికి తగల్లేదు తల్లీ" అని దీవించింది. ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె రెండో చేయి మాత్రం నా చేతిలోనే ఉంది.

అత్తమ్మ పోయేదాకా చేయీ చేయీ పట్టుకునే నడిచాము. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండీ వినని కబుర్లెన్నో ఆ దారిలోనే విన్నాను, అందుకు దేవునికి వందనాలు. నేను అడిగింది ఆయన ఇచ్చాడు, ఎవరికోసం అడిగానో వాళ్ళకది అక్కరకు రాలేదు. ఇప్పటికీ ప్రార్థనలో ఆ దారికి స్తోత్రం చెప్పబోయి, సగంలో ఆగిపోతుంటాను. లైన్లలో పాతవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ మైదానంలో మనమంతా ఎక్కడ తిరిగేవాళ్ళమో చూపించమంటే చూపించగలవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నేనూ చూపించలేను.