కోయిలమ్మకు రామనర్సయ్య సారు చేసిన సన్మానం

సూర్యాపేటలో రామనర్సయ్య సారుకు కోయిలంటే ఎంత ప్రాణమో తెలియాలంటే ఆయన ఇంట్లో బీరువా తెరవాలి. అందులో ఇరవై రెండు శాలువాలున్నాయి. తెలుగు పండితుడిగా ముప్పై మూడేళ్లు పిల్లలకు సంధులు విడదీసి చూపినందుకు వచ్చినవి కావవి. ఏటా ఉగాదినాడు కోదాడ కవి సమ్మేళనంలో అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని కోయిల మీద పద్యాలు చదివినందుకు వచ్చాయి. ఆ పద్యాల్లో కోయిలమ్మ నల్లగా ఉంటుంది, మావిచిగురు మేస్తుంది, సిగ్గుపడుతూ పాడుతుంది. సారు ఆమెను ఎప్పుడైనా కళ్లతో చూశాడా అని ఎవరూ అడగలేదు. దేవుణ్ని చూశాకే కీర్తనలు రాస్తామంటే ఈ దేశంలో భజన మండళ్లు నడుస్తాయా?

ఈ ఏడు మాత్రం ఉగాది పన్నెండు రోజులుందనగా కోదాడ నుంచి సమ్మేళనం కార్యదర్శి దామోదర్ ఫోన్ చేశాడు.

"గురువుగారూ, కమిటీ వాళ్లు ఈసారి గట్టిగా ఉన్నారండి. పాత పద్యాలు వద్దంటున్నారు. కొత్తవి రాసుకొస్తే కుర్చీ మీదే. లేదంటే మిర్యాలగూడ పర్వతాలు గారికి ఇద్దామని..."

పర్వతాలు రైసుమిల్లుల మీద వచన కవిత్వం రాస్తాడు. పోయినేడు ఊకపొట్టు మీద ఆరు పేజీలు చదివితే జనం చప్పట్లు కూడా కొట్టారు.

"ఊకపొట్టు మీద రాసేటోడు నా కుర్చీల కూసుంటడా!" అని సారు ఆ పూటే పెరట్లో వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, తెల్లకాగితం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"కిక్-కిక్-కిక్-కిక్!"

నీళ్లు రాని బోరింగును ఎవరో పంతం పట్టి కొడుతున్నట్టుంది. సారు కళ్లు తెరిచి పైకి చూశాడు. కొమ్మ మీద కాకంత పిట్ట. గోధుమరంగు ఒంటి మీద తెల్లని చుక్కలు, తోక మీద చారలు, ఎర్రెర్రని కళ్లు. ఇంతటి వికారం ఏ ప్రబంధంలోనూ ఆయనకు తగల్లేదు.

గోడ అవతలి గోపాల్ వ్యవసాయ శాఖలో రిటైరైనవాడు. పురుగూ పిట్టా అన్నీ తన శాఖలోవే అని ఆయన నమ్మకం.

"చారలు సూసినవా సారూ? డేగ జాతి. కోళ్లున్నోళ్లు జర పైలం."

"డేగ గిట్ల మొత్తుకుంటదా?"

"పెండ్లి గాకుంటే మొత్తుకుంటది" అని తీర్పు చెప్పి గోపాల్ లోపలికి పోయాడు.

నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న లచ్చమ్మ నవ్వింది. ఆమెది పెన్‌పహాడ్. పెళ్లయ్యేదాకా గొర్రెల వెంట తిరిగింది.

"డేగా లేదు, గీగా లేదు సారూ. గది ఆడకోయిల. మొగది నల్లగ నిగనిగలాడుతది. ఆడది గిట్ల సుక్కల సీర కట్టుకుంటది. కూ కూ అని పాడేది మొగడే. పెండ్లాం గిట్ల ఒర్లుతది."

సారు జాలిగా నవ్వాడు. "లచ్చమ్మా, గొర్లు వేరు, కావ్యాలు వేరు. కావ్యంల కోయిల ఆడది. నల్లగుంటది. పాడుతది."

"పుస్తకంల ఏమున్నదో నాకేం ఎర్క? చెట్టు మీద ఏమున్నదో జెప్పిన" అని లచ్చమ్మ గిన్నె బోర్లించింది.

మర్నాడు తెల్లవారుతుండగా అదే చెట్టు మీంచి "కుహూ" వినిపించింది. సారుకు ఒళ్లు పులకరించింది. పులకరింత పూర్తయ్యేలోపే "కిక్-కిక్" మొదలైంది. ఆ క్షణంలో ఆయనకు సర్వం బోధపడింది. చుక్కల పిశాచి కోయిలమ్మను పీడిస్తోంది! పాడబోతే బెదిరిస్తోంది! కవి ఇంటి పెరట్లోనే ఇంత అన్యాయం జరుగుతుంటే కవి చూస్తూ ఊరుకుంటాడా?

అంతలో రెండు కాకులు వచ్చి చుక్కల పిట్టను తరిమాయి. ఇరవై రెండేళ్లుగా పద్యాల్లో కాకిని కర్ణకఠోరమని తిట్టిన మనిషి, ఆ పూట పిట్టగోడ మీద వాటికి పిడికెడు అన్నం పెట్టాడు. తద్దినం లేని రోజున ఆ ఇంట్లో కాకులకు అన్నం దొరకడం అదే మొదలు.

పిశాచి అరగంటలో తిరిగొచ్చింది. సారు ఇత్తడి పళ్లెం మోగించాడు. అది పక్క కొమ్మ మీదికి మారింది. దీపావళికి మిగిలిన పటాకులు కాల్చాడు. గోపాల్ ఇంట్లో పాలు తాగుతున్న మనవరాలు జడుసుకుంది కాని పిట్ట జడవలేదు. నాలుగో రోజుకు కాగితం మీద "కోయిలమ్మా" అన్న ఒక్క మాటే ఉంది. దాని పక్కన ఆశ్చర్యార్థకం కూడా సరిగ్గా పడలేదు.

ఐదో రోజు సారు చెట్లు కొట్టే సక్రును పిలిపించాడు. మధ్యాహ్నానికల్లా వేపచెట్టు తిరుపతిలో మొక్కు తీర్చుకున్న మనిషిలా నిలబడింది. పూతంతా నేల మీద పడి ఉంది. ఆయన భార్య సరోజన గడపలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలుచుంది.

"ఏమయ్యా, వారం రోజులల్ల ఉగాది. పచ్చట్లకు యాపపువ్వు ఏడికెళ్లి తేవాలె?"

"కవిత్వం కంటే పచ్చడి ఎక్కువనా?"

"అయితే ఇంటికొచ్చినోళ్లకు ముంతల కవిత్వమే పోసియ్యి."

ఆ పూట నుంచి పెరట్లో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. సారు కలం పరుగెత్తింది. చుక్కల పిశాచి చేతచిక్కిన కోయిలమ్మను ఒక కవి ఎట్లా విడిపించాడో చెబుతూ ఇరవై నాలుగు పద్యాలు పడ్డాయి. పిశాచిని తిట్టడానికే పదకొండు ఖర్చయ్యాయి. తెల్లవారితే "కుహూ" కూడా వినపడటం లేదని ఆయన గమనించకపోలేదు. పాపం, భయం తీరక విశ్రాంతి తీసుకుంటోందని సరిపెట్టుకున్నాడు.

ఉగాదినాడు పొద్దున్నే సరోజన, పెరట్లో వేపచెట్టున్న ఇల్లాలు, బజారుకు పోయి వేపపువ్వు కొనుక్కొచ్చింది. వాడకట్టంతా చూసింది. తర్వాత దంపతులిద్దరూ కోదాడ బస్సెక్కారు.

హాల్లోకి అడుగుపెట్టగానే సారు కాళ్లు నిలిచిపోయాయి. వేదిక మీద కుర్చీ ఉంది. కుర్చీ వెనక ఫ్లెక్సీ ఉంది. ఫ్లెక్సీ నిండా, బర్రె అంత, చుక్కల పిశాచి! ఎర్రని కళ్లతో సూటిగా ఆయననే చూస్తోంది.

"దామోదర్! ఈ పిశాచిని ఎవరు పెట్టిన్రయ్యా?"

"పిశాచి ఏంటి గురువుగారూ, కోయిలండి!" దామోదర్ చేతులు నలుపుకున్నాడు. "ముందు నల్లదే వేయించానండి. మా అమ్మాయి లహరి జువాలజీ లెక్చరర్ కదా, నల్లది మగది నాన్నా అంది. మీరేమో ఎప్పుడూ కోయిలమ్మా అనే పిలుస్తారు. మగదాన్ని పెడితే గురువుగారు నొచ్చుకుంటారని, రాత్రికి రాత్రి ఆడదాన్ని వేయించానండి."

సారు కుర్చీలో కూర్చున్నాడనడం కంటే కుర్చీ ఆయన్ని పట్టుకుందనడం న్యాయం. జేబులో పదకొండు తిట్లు బరువుగా ఉన్నాయి. అవి చదివితే ఫ్లెక్సీ కింద నిలబడి ఫ్లెక్సీని తిట్టినట్టవుతుంది. పాతవి చదివితే కుర్చీ పోతుంది. ఎదుటి వరసలో పర్వతాలు కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆ పక్కనే సరోజన పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకో సారుకు తెలుసు.

మైకు దగ్గర పిలిచారు. ఆయన లేచాడు. జేబులోంచి కాగితం తీసి, అందరూ చూస్తుండగా నాలుగు మడతలు పెట్టి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

"రాసుకొచ్చింది చదవలేను. గుండె ఒప్పుకోవడం లేదు" అన్నాడు. ఈ మాటలో అబద్ధం లేదు.

తర్వాత ఆశువుగా అందుకున్నాడు. చుక్కల చీర కట్టిన కోయిలమ్మా, నీ వేపకొమ్మ ఏదమ్మా? పూతకొచ్చిన చెట్టును పండుగ ముంగిట నరికించిన కర్కశుడెవ్వడమ్మా? పాట పాడి మొగడు పేరు మోస్తే, గొంతెత్తినందుకే నీకు పిశాచని పేరు పెట్టిన మూర్ఖుడెవ్వడమ్మా? వాడి చేతులు పడిపోను!

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పర్వతాలే లేచి కళ్లు తుడుచుకున్నాడు. ఇరవై మూడో శాలువా భుజం మీద పడింది. వచ్చే ఏటి కుర్చీ కూడా అప్పుడే ఖాయమైంది.

"ఆ దుర్మార్గుడు దొరికితేనా గురువుగారూ..." అన్నాడు దామోదర్ ఆవేశంగా.

"దొరకరు దామోదర్" అన్నాడు సారు గంభీరంగా. "అసుంటోళ్లు దొరకరు."

తిరుగు ప్రయాణంలో సరోజన సూర్యాపేటలో బస్సు దిగాక అడిగింది:

"చెట్టు కొట్టించినోని చేతులు పడిపోవాల్నంటివి గదా. రేపటిసంది బువ్వ నేను తినిపియ్యాల్నా?"

మర్నాడు పెరడు ఊడుస్తున్న లచ్చమ్మకు సరోజనే చెప్పింది, "మీ సారు నీ సుక్కల సీర ముచ్చట జెప్పి శాలువా కప్పిచ్చుకొచ్చిండే!"

"అవునా అమ్మా! మరి నా శాలువా ఏదీ?"

శాలువా అప్పటికే బీరువాలో ఉంది. తాళంచెవి సారు మొలతాడుకు ఉంది.

అంతలో గోడ అవతల గోపాల్ మామిడిచెట్టు మీంచి "కుహూ" వినిపించింది. వెంటనే "కిక్-కిక్-కిక్". సారు పరుగున వచ్చి మోడు వేప పక్కన నిలబడి, చెయ్యి చాచి, "కోయిలమ్మా, రావే" అన్నాడు. తాను కళ్లారా చూసిన కోయిలను ఆయన పిలవడం జన్మలో అదే మొదటిసారి. కోయిలమ్మ ఒకసారి ఆయన్నీ, ఒకసారి మోడునూ చూసి, అటు తిరిగి కూర్చుంది.

గోడ మీంచి గోపాల్ తల లేచింది.

"సారూ, నీ డేగ మా చెట్టెక్కింది. సక్రు నంబరు జర ఇయ్యి."

"డేగ గాదయ్యా! ఆడకోయిల. కొమ్మ మీద చెయ్యి బెట్టకు."

"నీకెవరు జెప్పిన్రు?"

ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగింది. లచ్చమ్మ నిలబడి వింటోంది. సారు ఒక్కసారి అటు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఒకరు జెప్పేదేంది గోపాల్? కోయిల మీద ఇరవై మూడు శాలువాలున్నయి నాకు."