చివరి వరుసకు వచ్చిన పేజీ: హొసకోటెలో సువార్త విన్న రోజు

మా అత్తకు ఒకటే కోరిక. సువార్తను మొదటి నుంచి చివరి దాకా ఒకే రోజు, మధ్యలో ఆపకుండా వినాలని. ఆమెకు చదువు రాదు. ఊళ్లో ఆదివారాల్లో ముక్కలుగా వింది. ఒక వారం తుఫాను కథ, ఇంకో వారం రొట్టెల కథ. ఏది ముందో, ఏది వెనకో తెలియదు. నా పెళ్లైన మొదటి వారమే ఆమె పుస్తకం నా చేతికిచ్చి చదవమంది. నేను అయిదో తరగతి వరకు చదివాను. మా పుట్టింట్లో దేవుడి గదిలో నరసింహస్వామి పటం తప్ప వేరేది చూడలేదు. ఆ పుస్తకంలో చిన్న అక్షరాలు, నోరు తిరగని పేర్లు. కొత్త బంధువుల ముందు తడబడతానని భయం వేసి, "నాకు చదవడం రాదత్తా" అనేశాను. ఏడాది గడిచినా ఆ అబద్ధం అలాగే ఉండిపోయింది. మా ఆయనకు తెలుసు, నవ్వి ఊరుకునేవాడు.

బెంగళూరు అవతల హొసకోటెలో ఒక తెలుగు ప్రార్థన మందిరంలో, ఈస్టరుకు ముందు ఒక శనివారం, నాలుగు సువార్తల్లో చిన్నదాన్ని అందరూ వంతులవారీగా పూర్తిగా చదువుతారని అత్తకు తెలిసింది. ఆమె కంటి పొర తీయించుకోవడానికి మా దగ్గరికి, బెంగళూరుకు ఈ చివరనున్న చందాపురకు వచ్చి ఉంది. మా ఆయనకు సెలవు లేదు. తోడు నేనే వెళ్లాలి.

ఉదయం ఆరున్నరకు చందాపుర జంక్షన్‌లో సిల్క్ బోర్డు బస్సు ఎక్కాం. ఆ వేళకు సీట్లు దొరుకుతాయి, ఏడు దాటితే నిలబడాల్సిందే. కర్ణాటక ఆడవాళ్లకు బస్సు ఉచితం. నా ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉంది కాబట్టి నాకు ఉచిత టికెట్. అత్త కార్డు చూసి కండక్టరు తల అడ్డంగా ఊపాడు.

"ఆంధ్రా కార్డు నడెయల్లమ్మా. టికెట్ తగొళ్ళి."

"బస్సు నడుస్తాది, నువ్వు నడుస్తావు, నా కార్డు ఒక్కటి నడవదా అప్పా?" అంది అత్త. ఆయన నవ్వాడు కానీ పాతిక రూపాయలు తీసుకున్నాడు.

సిల్క్ బోర్డులో దిగి రింగ్ రోడ్డు బస్సు పట్టుకున్నాం. బెళ్ళందూరు దగ్గర, మా ఆయన టైల్స్ వేస్తున్న పెద్ద అపార్ట్‌మెంటు కనిపించింది. ఆ అంతస్తుల్లో ఎక్కడున్నాడో తెలియదు, అయినా బస్సు దాటేదాకా చూశాను. టిన్ ఫ్యాక్టరీ దగ్గర మళ్లీ మారి, పాత మద్రాసు రోడ్డు మీదుగా తొమ్మిదిన్నరకు హొసకోటె చేరాం.

మందిరం అంటే రేకుల కప్పున్న పొడవాటి హాలు. వాకిట్లో రూతమ్మ అనే పెద్దామె గుండిగెలో చిత్రాన్నం కలుపుతోంది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన మనిషి. వంటా ఆమెదే, చదివే పేజీలు పంచేదీ ఆమే. బడిలో చివరి బెంచీ వాళ్లను ఎవరూ పాఠం అడిగేవారు కాదు. ఆ ధైర్యంతో అత్తను తీసుకుని చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇక్కడ పేజీలు ముందు వరుస నుంచి మొదలై వెనక్కి వస్తాయని నాకేం తెలుసు? ఆఖరి పేజీ తిన్నగా నా ఒళ్లోకే వచ్చింది.

"మా కోడలికి చదువు రాదమ్మా" అంది అత్త.

రూతమ్మ నా ముఖంలోకి చూసింది. నా కళ్లు అప్పటికే మొదటి వాక్యం మీద పాకుతున్నాయి. "సరే, చేతిలో పెట్టుకోనీ. వంతు వచ్చినప్పుడు చూస్తాము" అని వెళ్లిపోయింది.

పది గంటలకు చదవడం మొదలైంది. నదిలో స్నానం, ఆకాశం నుంచి కుమారుడా అని పిలిచిన స్వరం, వలలు వదిలేసి వెంట నడిచిన జాలరులు. కాళ్లు చచ్చుబడిన వాణ్ణి నలుగురు మోసుకొచ్చి, గుంపులో దారి లేక ఇంటి కప్పు విప్పి దించారట. "పని మాత్రం బాగా పెట్టినారు. ఆ కప్పు మళ్లా ఎవరు వేసినారో?" అంది అత్త. చుట్టూ కూర్చున్నవాళ్లలో సగం తాపీ పనివాళ్లే, అంతా నవ్వారు. కాసేపటికి ఎవరికీ నవ్వు రాలేదు. పడవలో తలగడ మీద నిద్రపోతున్న మనిషి లేచి గాలిని గద్దించగానే సముద్రం ఊరుకుంది. ఎవరు గొప్ప అని శిష్యులు పోట్లాడుకుంటే, ఆయన అందరికీ సేవ చేసేవాడే గొప్ప అని చెప్పి, ఒక పసిబిడ్డను మధ్యలో నిలబెట్టాడు. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించు అన్నాడు. నేను ముక్కలుగా కూడా వినని కథ కళ్లముందు వరుసగా నడిచిపోతుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

తర్వాత ఆయన్ను పట్టుకున్నారు. స్నేహితులంతా పారిపోయారు. పేతురు అనే ముఖ్య శిష్యుడు చలిమంట దగ్గర నిలబడి, ఆ మనిషి ఎవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. నేను అబద్ధం ఆడింది ఒక్కసారే, కానీ ఏడాది పొడుగునా దాన్నే కాచుకున్నాను. ఆయన్ను సిలువ వేసి చంపుతుంటే, దూరం నుంచి చూస్తూ నిలబడింది ఆడవాళ్లే.

నా వంతు వచ్చింది. పక్కనున్న అమ్మాయి పేజీ కోసం చెయ్యి చాచింది. నా వేళ్లు వదల్లేదు. లేచి నిలబడ్డాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. తెల్లవారుతూనే ముగ్గురు ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలు తీసుకుని ఆయన సమాధి దగ్గరికి వెళ్లారు. అడ్డం పెట్టిన రాయి ఎవరు దొర్లిస్తారా అనుకుంటే, అది అప్పటికే తొలగి ఉంది. లోపల తెల్లబట్టల యువకుడు. మీరు వెతికే ఆయన బతికి లేచాడు, వెళ్లి శిష్యులకు చెప్పండి, పేతురుకు కూడా చెప్పండి అన్నాడు. అక్కడ ఆగి ఆ పేరు మళ్లీ చదివాను. తెలియదని చెప్పినవాడినే విడిగా పేరు పెట్టి పిలిచారు. ఆ ఆడవాళ్లు వణుకుతూ పరుగెత్తారు, భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా పేజీ అక్కడితో అయిపోయింది.

"అయ్యో, చెప్పకుంటే ఎట్లా?" అంది అత్త గట్టిగా.

"చెప్పకుంటే మనము ఈడ ఎట్లుంటామమ్మా? భయం తీరినాక చెప్పింటారు" అంది రూతమ్మ. మిగిలిన కొన్ని వాక్యాలు ఆమే చదివింది. వాళ్లలో మరియ అనే ఆమె వెళ్లి చెప్పిందని అందులో ఉంది.

చిత్రాన్నం తిని, రెండు గంటలకు బయల్దేరాం. సిల్క్ బోర్డు దాకా నేను కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. చందాపుర బస్సు ఎక్కాక అత్త అడిగింది.

"ఏమే, ఏడాది పొడుగునా రాదంటివి?"

"తప్పయిందత్తా. తడబడతానని సిగ్గు."

"నాకు అసలుకే రాదు. నువ్వు తడబడితే నాకేం తెలుస్తాది? రేపటి నుంచి చదువు. మెల్లగానే చదువు, నాకేం బస్సు పోతాదా?"

ఇప్పుడు రోజూ పొద్దున, మా ఆయన పనికి వెళ్లాక ఒక పేజీ చదువుతున్నాను. అన్నీ అర్థమయ్యాయని చెప్పను. కానీ అంత పెద్ద సంగతిని మొదట భయపడే మనుషుల చేతుల్లో పెట్టారన్నది తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇది ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను. నేనూ ఎవరికో చెప్పాలి కదా.

మీరూ ఇలాంటి చోటికి వెళ్తే, తొమ్మిదిన్నరకే చేరి సీటు చూసుకోండి. ముందు వరుసకు మొదటి పేజీలు వస్తాయి, తొందరగా తేలిపోతుంది. నన్నడిగితే మాత్రం చివరి వరుసలోనే కూర్చోండి.