నాయన పందిని నడిపించి చూసిన రోజు

నేను పందుల డాక్టర్ని. ఈ మాట మా బెళుగుప్ప బంధువుల్లో ఎవరితో అన్నా ముందు ఓ నవ్వు నవ్వి, తర్వాత నన్ను జాలిగా చూస్తారు. ఎద్దులకూ గొర్రెలకూ సూదులు వేస్తే గౌరవమే, పందులకు వేస్తేనే ఏదో తక్కువ. అనంతపురం అవతల, రోడ్డుకు దూరంగా ఉన్న మా పరిశోధన కేంద్రంలో మనుషుల గుండెకు వాడబోయే పరికరాలను ముందు పందుల్లో పెట్టి చూస్తాం. పంది గుండె సైజులోనూ రక్తనాళాల అమరికలోనూ మన గుండెకు చాలా దగ్గర. ఇది చెప్తే జనం ఇంకా నవ్వుతారు.

మా నాయన మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. శనక్కాయ సేద్యంతో, ఎద్దుల బేరాలతో జీవితం గడిపిన మనిషి. ఆయన దృష్టిలో గొడ్డంటే గొడ్డే, అందులో ఎక్కువ తక్కువలు లేవు. అలాంటి మనిషికి గుండెలో నాళం మూసుకుపోయింది. నాలుగడుగులు గబగబా వేస్తే ఛాతీ పట్టేసేది. స్టెంట్ వేయాలి, ఆలస్యం చేయొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వచ్చేశాడు.

"గుండెలో ఇనప చుట్ట పెట్టుకొని సేద్యం ఎట్ల చేసేది? నాకొద్దు పాపా."

మా వీధిలోనే స్టెంట్ వేయించుకున్న పెద్దాయన ఒకరు ఉంటే పిలిపించాను. ఆయన కాఫీ తాగి, "నాకేమప్పా, రాయి మాదిరి ఉండా" అని చెప్పి వెళ్ళాడు. నాయన మెత్తబడలేదు.

"మనిషి అట్లనే చెప్తాడు. బాగలేదంటే నలుగుర్లో చులకన గదా. గొడ్డు అబద్ధం చెప్పదు. మీ కాడ ఆ చుట్ట ఏసిన పంది ఉండాదా?"

"ఉండాది."

"నడిపిచ్చి చూపించు."

నాకు ఒళ్ళు మండింది. "ఇదేమన్నా సంతనా నాయనా?" అని అరిచాను. సంతలో ఎద్దును అటూ ఇటూ నడిపించి చూడనిదే పలుపు ముట్టుకోని మనిషి, సొంత గుండె దగ్గరా అదే పద్ధతి పట్టాడు. కోపం ఎంత ఉన్నా, నా భయం అంతకంటే పెద్దది. ఈ పట్టు ఇలాగే ఉంటే ఏదో ఒక రోజు పొలంలోనే కూలిపోతాడు. చివరికి మా కేంద్రం పెద్దసారు కాళ్ళావేళ్ళా పడి అనుమతి తెచ్చుకున్నాను.

లోపలికి వెళ్ళేముందు స్నానం చేయాలనేసరికి నాయన నోరు తెరిచాడు. "ఎవురైనా పంది కాడికి పోయొచ్చి నీళ్ళు పోసుకుంటారు. మీరు నీళ్ళు పోసుకొని పోతారా?" మన ఒంటి మీది రోగాలు దానికి అంటకూడదని చెప్పాను. గౌను, టోపీ, ముక్కుకు మాస్కు తగిలించాక అచ్చం ఆపరేషన్ చేయడానికి వచ్చిన డాక్టరులా తయారయ్యాడు. ఆ వేషంలో ఆయన్ను చూసి మా వాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు.

అది తెల్లటి ఆడపంది. నడవలోకి వదలగానే మేత డబ్బా చప్పుడుకు పరుగెత్తుకుంటూ వచ్చింది. నాయన వంగి, ఆయాసానికి ఎగురుతున్నాయేమోనని దాని డొక్కలు చూశాడు. ఆ చివరికి పంపించమన్నాడు, మళ్ళీ పిలవమన్నాడు. కళ్ళు చూశాడు, చెవులు చూశాడు, ఆఖరికి అది వేసిన పెంట కూడా చూశాడు.

"డొక్కలెగరేయల్యా. మేత ఇడిసిపెట్టల్యా. లోపల చుట్ట ఉండాదని దానికి తెలిసినట్టే లేదు."

నాకు ప్రాణం లేచివచ్చింది. "నీకు వేసేది మనుషులకు ఎప్పట్నుంచో వేస్తున్నదే నాయనా, దీనికి వేసిందే కొత్త రకం" అని చెప్తుంటే అసలు వినలేదు.

"దీన్ని ఇంటికి ఎప్పుడు పంపిస్తారు?" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నాకు మనసొప్పలేదు. "పంపించం నాయనా. పరీక్షలు అయిపోయినాక మత్తిచ్చి, నొప్పి తెలీకుండా చంపి, గుండె తీసి చూస్తాం. లోపల నాళం ఎట్లుండాదో అప్పుడే బాగా తెలిసేది."

నాయన చెయ్యి చాపాడు. పంది ఆయన చేతిని వాసన చూస్తోంది. అంతా చెడగొట్టుకున్నానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

"అదెప్పుడు?"

"వచ్చే నెల."

"అట్లయితే ఆ లోపలే నాకు చేపిచ్చు."

"అంత తొందరేం?"

"అది నాకు నడిచి చూపిచ్చె గదా. నేనూ వచ్చి దానికి చూపిచ్చల్ల."

ఆ వారమే స్టెంట్ వేయించుకున్నాడు. ఇక నడవొచ్చని డాక్టరు చెప్పాక మళ్ళీ మా కేంద్రానికి వచ్చాడు. మళ్ళీ స్నానం, గౌను, టోపీ. ఈసారి మా పెద్దసారు కూడా పని మానుకుని వచ్చి నిలబడ్డాడు. నాయన నడవలో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి గబగబా నడిచాడు. పంది కడ్డీల సందులోంచి ముట్టె బయటపెట్టి చూసింది. ఆయన దాని ముందు ఆగి, చేత్తో తన డొక్క తట్టుకున్నాడు.

"చూసినావామ్మా? రవ్వంత ఆయాసం లేదు."

ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఎలా ఉందని రోజూ అడుగుతూనే ఉన్నాను. ఆ మాట నాకు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.