అల్లుడి ఇంటి అన్నం

మీ ఇంట్లో ముసలితల్లిని రోజూ పొద్దున లేపి కూర్చోబెట్టి, పక్కబట్ట మార్చి, ఒళ్లు తుడిచేది ఎవరు? మీరేనా? తడుముకోకుండా అవునని చెప్పగల మగవాడు ఈ వ్యాసం చదవనక్కరలేదు. మిగిలినవాళ్లు చివరిదాకా చదవండి.

హైదరాబాదులో మా సంస్కరణ సంఘం కొత్త ప్రభుత్వానికి ఒక విన్నపం తయారు చేస్తోంది. అందులో వితంతు వివాహం ఉంది, బాలికల బడులున్నాయి, అంటరానితనం ఉంది. ముసలివాళ్ల మాట లేదు. చేర్చమని అడిగాను. ఒక వకీలుగారు లేచి, "దిక్కులేని వృద్ధులు తెల్లవాళ్ల దేశాల్లో ఉంటారు. మనకు కుటుంబం ఉంది" అన్నారు. చప్పట్లు మోగాయి. కుటుంబమంటే అందులో ఎవరని నేను అడిగాను. జిల్లాలు తిరిగి చూసి రమ్మన్నారు. పోలీసు చర్య జరిగాక అది రెండో ఎండాకాలం. సాయుధ పోరాటం అడవుల్లో ఇంకా సాగుతూనే ఉంది. ఆ సోమవారమే బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు సికింద్రాబాదులో పాసింజరు ఎక్కాను. మూడో తరగతి పెట్టెలో నా ఎదుట జనగామ మిర్చి వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. ఊళ్లెట్లా ఉన్నాయని అడిగాను.

"ఏముంది సారూ, పడుచోల్లు జేల్ల ఉన్నరు, లేకుంటే జంగల్ల ఉన్నరు. నా దుకాన్ల బస్తాలు మోసేటోల్లంత ముసలోల్లే. ఒక్క బస్తా దించుతరు, ఒక్క గంట దగ్గుతరు" అన్నాడు. తన మాటకు తానే నవ్వి, కాసేపటికి నవ్వడం మానేశాడు.

పది గంటలకు జనగామలో దిగి, స్టేషను ముందు చాయ తాగి, పాలకుర్తి దారిలో ఎడ్లబండి మాట్లాడుకున్నాను. మూడు గంటలకు ఒక పల్లె చేరాను. ఊరి పేరు రాయను, ఇక్కడి మనుషుల పేర్లు కూడా మార్చాను. ఆ ఊళ్లో నాకు కనిపించిన మగవాళ్లంతా పిల్లలూ ముసలివాళ్లూ. ఇంటికో మనిషి రాత్రి గస్తీకి రావాలని సర్కారు హుకుం. నాకు ఆశ్రయమిచ్చిన కొమురయ్య చీకటి పడకముందే కర్ర పట్టుకుని బయలుదేరుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి.

"దొంగలొస్తే ఏం చేస్తారు పెద్దయ్యా?" అని అడిగాను.

"ఏం జేస్తం బిడ్డా, నాకు రేచీకటి. జర మమ్ముల ఇంటికాడ దించిపోండ్రి అని వాల్లనే బతిమాలుకుంటం" అన్నాడు.

పక్కింటి నుంచి ఒకామె గట్టిగా నవ్వింది. ఆమె సాయమ్మ. పోరాట దళానికి జొన్నగటక వండి పెట్టాడని భర్తను జైల్లో వేశారు. అత్తకు పక్షవాతం, ఎడమపక్క పడిపోయింది. నేను వెళ్లేసరికి సాయమ్మ ఒక పాత ధోవతిని మడిచి అత్త చంకల కింది నుంచి తీసి, రెండు కొసలూ తన మెడకు చుట్టుకుని, వెనక్కి వంగి ఆమెను లేపుతోంది. మెడమీద ఆ బట్ట ఒరుసుకున్న చోట చర్మం నల్లగా కమిలిపోయి ఉంది.

ఆ సాయంత్రమే ఆమె సంగతి తెలిసింది. తల్లి లచ్చవ్వది భూపాలపల్లి అవతల అడవి అంచున ఒక గూడెం. ఒక్కడే కొడుకు, దళంలో ఉన్నాడు. దళాలకు తిండి దొరకకూడదని మిలిటరీ ఆ గూడేన్ని ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుకు తరలించిందని కబురొచ్చింది. నడవలేని తల్లి ఏమైందో తెలియదు. గూడూరులో ఉన్న చెల్లెలిది మేనరికం, ఆ ఇల్లు లచ్చవ్వ సొంత తమ్ముడిదే గనుక అక్కడ తల్లిని దించి రావాలని సాయమ్మ ఆలోచన. అన్నాళ్లూ అత్తను చూడటానికి కొమురయ్య భార్య రాజవ్వ ఒప్పుకుంది. "నాలుగు రోజులే బిడ్డా. అటెన్క నన్ను సూసేటందుకు ఇంకొకరిని తేవాలె" అంది, నడుం మీద చెయ్యి వేసుకుని.

కొమురయ్య నన్ను పక్కకు పిలిచాడు. "తెల్లబట్టలోనివి, నీతోని ఉంటే మిల్ట్రీ ఆపది. చెల్లె అనుకొని తోలుకపో నాయినా." ఒప్పుకున్నాను.

మర్నాడు జనగామలో రైలెక్కాం. వరంగల్లు దాటాక, తల్లిని నీ ఇంటికే తెచ్చుకోవచ్చు గదా అని అడిగాను. సాయమ్మ ఉలిక్కిపడింది.

"ఏం మాటన్నా గది? అల్లుని ఇంట్ల అత్త కూడు తింటదా? నలుగురు నవ్వరా? మా అవ్వ మా ఇంటికొస్తే నీల్లు సుత ముట్టది."

నేనూరుకోలేదు. కొడుకు పెడితే అన్నం, కూతురు పెడితే ఎంగిలి అని ఏ బుద్ధిమంతుడు నిర్ణయించాడని అడిగాను. కన్న నొప్పులు కొడుక్కి ఎక్కువా, కూతురికి తక్కువా అన్నాను. బిచ్చమెత్తుకునైనా బతకాలి గాని కూతురి గడప తొక్కకూడదనే ఆచారం మనిషి ప్రాణం కన్న గొప్పదా అన్నాను. పెట్టెలో ఇద్దరు ముసలమ్మలు వక్క నమలడం మాని నన్నే చూశారు.

"మీ అత్త మీ ఇంట్ల ఉంటదా అన్నా?" అంది సాయమ్మ.

"మా అత్తగారు పోయి చాలా కాలమైంది."

"గందుకే అల్కగ చెప్తున్నవ్" అంది. ముసలమ్మలు కిసకిసలాడారు.

కాని ఆ మాటలు ఆమెలో పనిచేశాయి. మానుకోటలో దిగబోతూ, తనలో తాను అనుకున్నట్టు, "అన్నం వండేది నేను. పెట్టేది నేను. నా మొగడు జేల్ల ఉన్నడు. గది అల్లుని అన్నం ఎట్లయితది?" అంది. నాకు ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు రాయడానికి మనసు రావడం లేదు.

మానుకోటను కచేరీ కాగితాల్లో మహబూబాబాదు అంటున్నారు. స్టేషను పక్క పూటకూళ్లింట్లో అన్నం, పచ్చిపులుసు తిని రెండు గంటలకు బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాం. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నెట్టాలి. గూడూరు చేరేసరికి పొద్దు వాలుతోంది.

చెల్లెలు మల్లమ్మ అక్కను చూసి ఏడ్చింది, వచ్చిన పని విని ఏడుపు ఆపింది. ఇంట్లో మంచం పట్టిన అత్త, రెండు కళ్లూ పోయిన మామ. మామ మంచం నుంచి పెరట్లోకి ఒక తాడు కట్టి ఉంది, అది పట్టుకుని ఆయన వెళ్లొస్తాడు. తాడు తెగిన రోజున మల్లమ్మ పొలం నుంచి వచ్చేదాకా అలాగే కూర్చుంటాడు. ఇద్దరు పసిపిల్లలు. భర్త గుడ్డి తండ్రి పక్కనే అరుగుమీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. మంచివాడే, నాకూ ఒక చుట్ట ఇవ్వబోయాడు.

"అక్కా, ఇద్దరిని మోస్తున్న. మూడో మంచం ఏడేయాలె? నా నెత్తి మీదనా?" అంది మల్లమ్మ.

సాయమ్మ ఆ రాత్రికి అక్కడే పడుకుంది. పొద్దున మల్లమ్మ మూటకట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు తీసుకుని బయటికి వచ్చింది. నర్సంపేట బస్సు కోసం నిలబడ్డప్పుడు, "ఇగ అవ్వ నా ఇంటికే వస్తది. నువ్వు చెప్పినట్టే" అంది. ఆ రోజంతా ప్రయాణమే. నర్సంపేటలో బస్సు మారి, ములుగులో ఒక బడి వరండాలో పడుకుని, తెల్లవారుజామున దొరికిన బండిమీద భూపాలపల్లి వైపు కదిలాం. దారిలో రెండు చోట్ల సోదా చేశారు. నా సంచీ చూడలేదు, సాయమ్మ రొట్టెల మూట విప్పించారు.

క్యాంపు చేరేటప్పటికి మధ్యాహ్నం. అడవి కొట్టేసిన మైదానంలో తాటాకు గుడిసెలు, చుట్టూ వెదురు దడి. లచ్చవ్వ బతికే ఉంది. పొరుగువాళ్లు ఆమెను బండిలో వేసి తెచ్చారట. కాని ఆమెకు బియ్యం లేవు. బియ్యం ఇంటి మగవాడి పేరున ఇస్తారు. ఆమె ఇంటి మగవాడు అడవిలో ఉన్నాడు. అక్కడి గుమాస్తాను అడిగాను.

"కొడుకొచ్చి లొంగిపోతే ఆమె పేరు ఎక్కిస్తం" అన్నాడు.

"రాకపోతే?"

"తల్లి మీద పావురం, ప్రేమ ఉంటే వస్తడు" అని తల దించుకుని తన పని చూసుకున్నాడు.

ముసలితల్లి ఆకలిని గాలానికి గుచ్చి కొడుకు కోసం వేశారు. దీన్ని పరిపాలన అంటున్నాం. కొడుకు మాత్రం? లోకాన్ని మార్చడానికి వెళ్లినవాడు తల్లికి గంజి కాచేది ఎవరో ఆలోచించి వెళ్లాడా? తుపాకీ పట్టినవాళ్లు అటొకరు, ఇటొకరు. మధ్యలో లచ్చవ్వను బతికిస్తున్నది ఆ క్యాంపు ఆడవాళ్లు. పగలంతా రోడ్డుకు కంకర కొట్టి, సాయంత్రం తమ కుండల్లోంచి తలా ఒక ముద్ద తీసి పెడుతున్నారు. అందుకు బదులుగా లచ్చవ్వ వాళ్లకు మోదుగాకు విస్తర్లు కుడుతోంది. నిలబడే శక్తి లేదు. చేతులు నేలకానించి కూర్చునే జరుగుతుంది.

కూతురి గొంతు వినగానే విస్తరి కింద పెట్టి ముఖమంతా తడిమి చూసింది. ఆ కాసేపే. తీసుకుపోవడానికి వచ్చానని సాయమ్మ చెప్పగానే చేతులు వెనక్కి లాక్కుంది.

"అల్లుని ఇంటి అన్నం తిని సచ్చేటంత సిగ్గులేనిదాన్ననుకున్నవానే? కొడుకును కన్నదాన్ని నేను."

సాయమ్మ నేను రైల్లో చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే తల్లికి చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. "నువ్వు నన్ను కనలేదా అవ్వా? నేను పెడితే అన్నం గాదా?" ముసలామె గొంతు అంతకంతకూ లేచింది. "నీ మొగని కొంపల నీల్లు ముట్ట. నా శవం సుత నీ గడప దాటది. పో!" చుట్టుపక్కల గుడిసెలవాళ్లు తొంగిచూశారు. సాయమ్మ కడవ తీసుకుని, ఏడుస్తూ నీళ్లకు పోయింది.

ఇది నా వంతు అనుకున్నాను. ఆమె ముందు చతికిలబడి, ఆచారాలు మనుషులు పెట్టుకున్నవేనని మొదలుపెట్టాను. లచ్చవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఆ ఎముకల్లో అంత పట్టు ఉంటుందనుకోలేదు.

"గివన్ని దానికి నేర్పింది నువ్వేనా కొడుకా?"

అవునన్నాను.

"దాని మెడ సూసినవా?"

చూశానన్నాను.

"నేను దానింటికి పోతే రెండు మంచాలైతయి. రెండు మంచాల నడుమ నా బిడ్డ నా కన్న ముందు సస్తది. ఆచారమని చెప్తేనే అది నన్ను ఇడిసిపోతది, పోయినంక మనసుల కుములది. నువ్వు సదువుకున్నోనివి. నా కాడ ఉన్నది గదొక్కటే, గది సుత గుంజుకపోకు." మళ్లీ అంది: "దానికి చెప్తనని అనకు. నీ పిల్లల మీద ఒట్టు వెయ్యి."

ఒట్లను నేను నమ్మను. ఒట్టు వేశాను.

సాయమ్మ నీళ్లు తెచ్చి తల్లికి తలంటి పోసింది, చిక్కు తీసి జడ వేసింది, మిగిలిన రొట్టెలు తుంచి నోట పెట్టింది. రొట్టెలు తమ్ముడింటివి గనుక కాబోలు, ముసలామె తిన్నది. మేం లేచినప్పుడు ముఖం దడి వైపు తిప్పుకుని విస్తరి అందుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. చేతిలో ఆకు కదలడం లేదు.

పరకాల మీదుగా వరంగల్లుకు బస్సు, అక్కడి నుంచి మర్నాటి రైలు. రాజవ్వ ఇచ్చిన గడువు ఆ రోజుతో తీరిపోతుంది. పెట్టెలో జనం కిక్కిరిసి ఉన్నారు. కాజీపేటలో రైలు ఆగింది. సాయమ్మ నా వైపు చూడకుండా అంది: "మా అవ్వకు ఆచారమే ఎక్కువైందన్నా. నేను గాలె. ఇగ పోను. సచ్చిందని కబురొచ్చినా పోను."

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె తర్వాతి స్టేషనులో దిగి వెనక్కి వెళుతుంది. పాలకుర్తి దారిలోని ఆ ఇంట్లో ఇంకో ముసలిమనిషి నీళ్లకోసం గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. చెప్పకపోతే, ఒక తల్లి తన కూతురి దృష్టిలో మూర్ఖురాలిగా చచ్చిపోతుంది. మూఢాచారాల మీద ఇరవై ఏళ్లుగా రాస్తున్నవాణ్ని, కాజీపేట నుంచి జనగామ దాకా ఒక మూఢాచారానికి కాపలా కాశాను. జనగామలో ఆమె దిగి, బండికోసం ఆగకుండా, కొంగు నడుముకు బిగించుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. నేను అదే రైల్లో ముందుకు సాగాను.

ఈ యాత్రలో నాకు అర్థమైనది చిన్న విషయం. ఆచారాన్ని కొట్టేయడం సులువు. దాని వెనక ఖాళీ మంచం గాని, గిన్నెడు గంజి గాని, ఇంకో జత చేతులు గాని మనం సిద్ధం చేసి ఉంచకపోతే, కొట్టేసిన ఆచారం బరువు కూడా ఆడదాని మెడమీదే పడుతుంది. సర్కారు లెక్కలో ఇల్లంటే మగవాడు. ఆ మగవాడు జైల్లో ఉన్నా, అడవిలో ఉన్నా, అరుగుమీద చుట్ట తాగుతున్నా మంచాలెత్తేది ఆమే. ఆ పనికి కూలి లేదు, సెలవు లేదు, పేరు కూడా లేదు.

మీరు ఈ పత్రిక మడిచి పక్కన పెట్టకముందే ఒక పని ఒప్పుకోండి. ఈ వారంలో మీ తాలూకా కచేరీకి వెళ్లండి. ముసలివాళ్ల బియ్యం ఎవరి పేరున రాస్తున్నారో అడగండి. కొడుకు ఎక్కడున్నాడని అడగకుండా, ముసలిమనిషి బియ్యం ఆ మనిషి పేరునే రాయమనండి. మంచం పట్టినవాళ్లను చూసే ఆడదానికి కంకర కొట్టేవాళ్లతో సమానంగా కూలి కట్టమనండి. కాదంటే అక్కడే కూర్చోండి, పదిమందిని పిలవండి, రాయించేదాకా కదలకండి. లచ్చవ్వకు ఎక్కువ కాలం లేదు. ఆమె ఊపిరి ఉండగా నేను ఒట్టు తప్పి సాయమ్మకు నిజం చెప్పగలగాలి. రెండో మంచానికి ఆ బియ్యం, ఆ కూలి ఉంటేనే చెప్పగలను, అవి మీరు లేచి వెళితేనే వస్తాయి. లేవండి.