మాస్టారు ఇవ్వని ఒకే ఒక్క సర్టిఫికెట్

మాస్టారికి ఒకటే పిచ్చి. కనిపించిన ప్రతివాళ్లకీ సర్టిఫికెట్ ఇచ్చేవారు.

మందపాటి కాగితం, చుట్టూ తీగల డిజైను, కింద బంగారు రంగు ముద్ర, దాని పక్కన బారెడు సంతకం. వాటర్ క్యాన్లు మోసే మనిషికి 'మెట్ల మీద చుక్క కూడా ఒలకబోయనందుకు' ఇచ్చారు. కరెంటు బిల్లు తీసే ఆయనకి 'మొహం మాడ్చుకోకుండా మీటరు చూసినందుకు' ఇచ్చారు. ఎదురింటి మామ్మగారు మాత్రం 'వీధిలో ఎవరేం చేసినా అందరికన్నా ముందు తెలుసుకోవడంలో విశేష ప్రతిభ' అన్న కాగితం చూసుకుని చాలా రోజులు మూతి ముడుచుకుంది. ఆ తర్వాత లామినేషన్ ఎక్కడ చేస్తారని వాకబు చేసింది.

ఇంత ధారాళంగా పంచిపెట్టే మనిషి, తన దగ్గర చదువుకున్నవాళ్లకి మాత్రం ఇచ్చేవారు కాదు. చచ్చినా ఇచ్చేవారు కాదు.

ఆయన నేర్పేది ఎస్‌ఈఓ. అంటే, ఎవరైనా ఇంటర్నెట్‌లో ఏదైనా వెతికితే మన దుకాణం ఎక్కడో అట్టడుగున కాకుండా పైన కనిపించేలా చేసే విద్య. దర్జీ దుకాణం మీద ఒక గది, కిటికీ పక్కన వరసగా కంప్యూటర్లు, ఒక్కో కుర్చీది ఒక్కో రకం కిరకిర. ఫీజు చేరేటప్పుడు ఒకసారి కడితే సరి. ఆ దర్జీగారి రెండో అమ్మాయి డిగ్రీ అయ్యాక ఏం చేయాలో పాలుపోక, మెట్లెక్కితే చాలు కదా అని అక్కడ చేరింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ముందు ఆ కుర్చీల చప్పుడే వినిపిస్తుంది.

మొదటి పాఠంగా నాన్న దుకాణానికి ఒక పేజీ రాయమన్నారు మాస్టారు. గోళ్లు కొరుక్కుని మరీ 'అత్యుత్తమ, విశ్వసనీయ కుట్టు సేవలు' అని రాసుకొచ్చింది.

"అమ్మాయ్, నడివీధిలో ఒకడి ప్యాంటు జిప్పు ఊడింది. ఏం చేస్తాడు?"

"సిగ్గుపడతాడు మాస్టారూ."

"ఆ తర్వాత?"

"ఫోన్లో వెతుకుతాడు."

"ఒక చేత్తో జిప్పు పట్టుకుని, రెండో చేత్తో టైపు చేస్తాడు. 'అత్యుత్తమ, విశ్వసనీయ' అని కొట్టే ఓపిక ఉంటుందా వాడికి?"

ఆమె అదంతా కొట్టేసి 'జిప్పు ఊడిపోయిందా?' అని మొదలుపెట్టింది. జారితే ఏం చేయాలి, ఇరుక్కుంటే ఏం చేయాలి, బ్యాగుదైతే ఎలా, కోటుదైతే ఎలా, అన్నీ నాన్ననే అడిగి రాసింది. కొన్నాళ్లకి కింద దుకాణంలో జిప్పులు వరద కట్టాయి.

"ఇదేం ఖర్మే! ఊళ్లో జిప్పులన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పాడయ్యాయేంటి?" అన్నాడు నాన్న.

"నేను రాసిన పేజీ వల్ల నాన్నా."

"ఆ విద్య నువ్వు నేర్చుకున్నట్టు కాగితం ఉందా?"

"లేదు."

"మరింకేం!"

గుమ్మం దాకా నిలబడ్డ జనం ఆయనకి సాక్ష్యం కాదు. ముద్ర ఉన్న కాగితమే సాక్ష్యం. పైగా నెలాఖరులోగా ఉద్యోగం రాకపోతే దుకాణంలో కాజాలు కుట్టడానికి కూర్చోవాలని తేల్చి చెప్పాడు. ఆమె కుట్టిన కాజాలోకి బొత్తాం వెళ్లేది కాదు, వెళ్తే తిరిగొచ్చేది కాదు.

అలాంటి సమయంలో ఒక చెప్పుల కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు. ఒక్క పరుగున పైకెక్కింది.

"మాస్టారూ, అర్జెంటుగా సర్టిఫికెట్ కావాలి."

"దేనికి? నిన్న గొడుగు చక్కగా మడిచావు, దానికా? తప్పకుండా ఇస్తాను."

"గొడుక్కి కాదు, కోర్సుకి!"

"కోర్సు ఎక్కడయింది?"

"పాఠాలన్నీ అయిపోయాయి కదా!"

"పోయిన వారమే ఆ వెతికిపెట్టే కంపెనీవాళ్లు మళ్లీ రూల్సు మార్చారమ్మా. మనం కిందటేడు నేర్చుకున్నది కిందటేటి పాలప్యాకెట్టుతో సమానం. అప్పుడే అయిపోవడమేంటి?"

బతిమాలింది, అలిగింది, తలుపు ధడాలున వేసింది. చివరికి చేతిలో మిగిలింది గొడుగు సర్టిఫికెట్టే.

ఇంటర్వ్యూలో మేనేజరు ఫైలు తిరగేసి అక్కడే ఆగాడు. "ఇదేంటమ్మా?"

"గొడుగు... మడిచినందుకు సార్."

ఆయన నవ్వలేదు. నవ్వినా కాస్త బాగుండేది.

"పని చేసి చూపిస్తాను సార్. మా నాన్నగారి దుకాణం పేజీ..."

"ముందు కాగితం, తర్వాత పని. మా పద్ధతి అంతేనమ్మా." ఆయన కోపంగా కూడా అనలేదు. ఆమె ఫైలు మూసుకుని లేచింది.

తిరిగొచ్చి మెట్లు అదిరేలా ఎక్కింది. "మీ వల్లే పోయింది మాస్టారూ! క్యాన్లాయనకి ఉంది, మామ్మగారికి ఉంది. నాకేమో గొడుగు!"

దేనికైనా వాదానికి దిగే మాస్టారి మొహం ఆ రోజు చిన్నబోయింది. ప్రింటరు ముందు కూర్చుని అసలైన సర్టిఫికెట్ తీసి, సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చారు. "కొన్ని తలుపులు దీంతోనే తెరుచుకుంటాయి. ఇంత పట్టుబట్టాల్సింది కాదు. తీసుకో తల్లీ."

మూల కుర్చీలోంచి సీనియర్ గొంతు సవరించుకున్నాడు. అతను చేరి ఏళ్లయింది. ఉద్యోగం దొరికితే మాయమయ్యేవాడు, పోతే వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చునేవాడు. అందుకే అందరూ ఆ పేరుతో పిలిచేవారు.

"అయితే నీది అయిపోయిందన్నమాట," అన్నాడు.

"అంటే?"

"ఏం లేదు. మొదటిసారి నా ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో చెప్పుకోలేక ఇక్కడికొచ్చాను. ఏ మొహం పెట్టుకుని వచ్చావంటారేమోనని ఒకటే భయం. ఈయనేమో, 'కోర్సు మధ్యలో ఇన్నాళ్లు ఎగ్గొడతావా, బుద్ధుందా?' అని తిట్టి కూర్చోబెట్టారు. మళ్లీ ఫీజు ఊసెత్తలేదు. నాకూ, వచ్చేపోయే ఇంకొంతమందికీ కోర్సు ఇంకా నడుస్తూనే ఉంది."

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన తిరగని ఫ్యాను వైపు చూస్తున్నారు.

"వాడి మాటలకేంలే. సర్టిఫికెట్ పుచ్చుకున్నవాళ్లు తర్వాతెప్పుడైనా వస్తే, చుట్టాల్లా గుమ్మంలో నిలబడి 'లోపలికి రావచ్చా' అంటారు. నాకది బాగోదు. సగంలో ఉన్నవాళ్లయితే తిన్నగా వచ్చి కూర్చుంటారు. అంతే, ఇంకేం లేదు."

ఆమె తన కుర్చీ చూసుకుంది. మిగిలిన గుడ్డముక్కలతో నాన్న కుట్టిచ్చిన మెత్త దాని మీదుంది. ఆ గదంటే తనకి ఎంత ఇష్టమో ఆ క్షణంలోనే తెలిసొచ్చింది. కాగితాన్ని మాస్టారి బల్ల మీద పెట్టేసింది.

"ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. మారిన రూల్సు నాకింకా రాలేదు."

"మరి కాజాలో?"

"అవీ నేర్చుకుంటాను."

నెలాఖరు దాటింది. అన్నమాట ప్రకారం కాజాలకి కూర్చుంది. ఒకాయన తెరుచుకోని సూట్‌కేసు పట్టుకుని దుకాణానికొచ్చాడు. నాన్న జిప్పుకి మైనం రాస్తుంటే ఊరుకోలేక అడిగాడు. "మీ పేజీ ఎవరు రాశారండీ? మాది సూట్‌కేసుల దుకాణం. ఇంటర్నెట్‌లో మా దుకాణం నేను వెతికినా నాకే దొరకదు."

నాన్న కూతురి వైపు చూశాడు. ఆమె చేతిలో చొక్కా ముడతలు పడి ఏడుస్తోంది.

"మా అమ్మాయేనండీ," అని, నిజాయితీగల మనిషి గనక, "కానీ కాగితం లేదు," అన్నాడు.

"కాగితం నేనేం చేసుకోనండీ? ఆ పేజీలో ఉన్నట్టు చేస్తే ఇంట్లోనే సగం తెరుచుకుంది. పనికి రమ్మనండి."

నాన్న ఆ చొక్కా ఆమె చేతిలోంచి ఆత్రంగా లాగేసుకున్నాడు. కూతురికి ఉద్యోగం వచ్చిన సంతోషం ఎంతో, చొక్కా బతికిపోయిన సంతోషం ఎంతో, ఆయనకే తెలియాలి.

ఇప్పుడామె పదిమందికి ఉద్యోగాలిచ్చే చోట ఉంది. సర్టిఫికెట్ తెచ్చినవాళ్లది శ్రద్ధగా చదువుతుంది, కష్టపడి సంపాదించుకున్నారు కదా. తేనివాళ్లని పొమ్మనదు. అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతుంది, "నడివీధిలో జిప్పు ఊడినవాడు ఏమని వెతుకుతాడు?"

ఈమధ్య పాతవాళ్లంతా కలిసి మాస్టారికే, 'మాకందరికీ విద్య నేర్పినందుకు' అని ఒక సర్టిఫికెట్ చేయించారు. నిలువెత్తు ఫ్రేము. దర్జీగారి అమ్మాయే దాన్ని పైకి మోసుకొచ్చింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని చదివారు. ఇంకోసారి చదివారు.

"నాకొద్దమ్మా."

"అదేంటి మాస్టారూ!"

"పుచ్చుకుంటే నాదీ అయిపోయినట్టే కదా. రేపట్నుంచి నన్ను గుమ్మంలో నిలబెడతారు."

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. మాస్టారు అప్పటికే ప్రింటరు వైపు తిరిగారు. అది దగ్గి దగ్గి ఒక కాగితాన్ని బయటికి తోసింది. ముద్ర కొట్టి, బారెడు సంతకం పెట్టి ఆమెకి అందించారు. 'ఇంత పెద్ద ఫ్రేమును ఇరుకు మెట్ల మీద ఎక్కడా గీత పడకుండా మోసుకొచ్చినందుకు.'

ఆమె దాన్ని జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. అది కిర్రుమంది.

"ఆలస్యంగా వచ్చావ్," అన్నారు మాస్టారు. "మళ్లీ రూల్సు మార్చారు, రాసుకో."