డాక్టరమ్మ గొంతు

నిన్న సాయంత్రం మా మేనత్త ఫోనులో, ఒక వీడియోలో, డాక్టరమ్మ మాట్లాడుతోంది. కత్తి పెట్టకుండా ఏ గడ్డనైనా కరిగించే చూర్ణం గురించి, జోలపాడినంత నిదానంగా. ఆ గొంతు సుగుణక్కది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. గొంతు మాత్రం నిక్షేపంగా ఉంది.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో నాకు అక్కడ ఉద్యోగం, ఫిలింనగర్‌లో సుగుణక్క ఇంటి మేడమీద కిరాయి గది. ఆమెది తెనాలి. తెలుగు రాని కథానాయికలకు డబ్బింగ్ చెప్పేది. నాకు వినడం నేర్పింది ఆమే. టీవీలో ఎవరైనా ఏడుస్తుంటే నేను కరిగిపోవడం చూసి, "ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. అది తేల్చుకుని అప్పుడు ఏడువు తమ్ముడూ" అనేది. దాంతో నా కన్నీళ్లు చాలా ఆదా అయ్యాయి.

ఆమె గొంతులోనే గడ్డ లేచింది. బంజారా హిల్స్ డాక్టరు ఆపరేషన్ వెంటనే చేయించుకోమన్నాడు, మాట పోవచ్చని కూడా దాచకుండా చెప్పాడు. మాట పోతే ఆమెకు ఏం మిగులుతుందో భర్త ప్రసాదరావుగారికి తెలుసు. ఆయన నెట్ సెంటర్లో వెతికి, ఒక వెబ్‌సైటు పేజీలు ప్రింటు తీయించుకొచ్చారు. తెల్లకోటు డాక్టరమ్మ ఫోటో, నయమైనవాళ్ల మాటలు, చూర్ణం తెప్పించుకునే చిరునామా. "ముందు ఆపరేషన్ సంగతి చూడుండ్రి సార్" అన్నాను. "ఇదీ డాక్టరు చెప్పిందేగా బాబూ" అన్నారాయన. ఎండాకాలమంతా చూర్ణంతోనే గడిచింది.

వానలు పడేసరికి ఆమెకు ఇడ్లీ కూడా దిగడం లేదు. ఆ వెబ్‌సైటులో వీడియో కూడా ఉందనీ, చూపిస్తే ఆమెకు ధైర్యం వస్తుందనీ ప్రసాదరావుగారే నన్ను పిలిచారు. లాప్‌టాప్‌లో పెట్టాను. డాక్టరమ్మ నోరు తెరిచింది. సుగుణక్క కళ్లు మూసుకుంది.

"ఇది నేను చెప్పిందే" అంది, అప్పటికే బొంగురుపోయిన గొంతుతో.

"మరి ఫోటో చూసినప్పుడు పోల్చుకోలేదా సుగుణా?"

"మేం పెదాలే చూస్తామండీ. ముఖాలూ, మందుల పేర్లూ ఎవరికి గుర్తుంటాయి?"

"పోనీ, ఆ మాటలు రాసింది డాక్టరేగా?"

"ఆ రోజు డబ్బింగ్ థియేటర్లో నేనూ, సౌండ్ ఇంజనీరూ, చూర్ణం కంపెనీ మేనేజరూ ఉన్నాం. డాక్టరెవరూ రాలేదు."

"తగ్గిందని చెప్పినవాళ్లో?" ఆయన అడుగుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది.

"ఆడవాళ్లంతా నేనే."

ఆపరేషన్ అయింది. మాట పోయింది. గడ్డ అప్పటికే పాకాల్సినంత మేర పాకింది. ఆ వీడియో తీసేయమని కంపెనీకి రాశాం. చూర్ణం తగ్గింపు ధరకు ఇస్తామని మర్యాదగా బదులిచ్చారు. ఆ తర్వాత నేను నెట్‌లో ఏ వైద్యం గురించి చదివి వినిపించినా, సుగుణక్క తన ముఖం మీద వేలు పెట్టి, మెల్లగా గొంతు కట్టు మీదికి దించి, నావైపే చూస్తూ ఉండేది. కనిపించేది ఎవరు, చెప్పిస్తున్నది ఎవరు అని. జవాబు వెతికి తెచ్చేదాకా చూపు తిప్పేది కాదు. ఆ ఏడు దసరా ఆమె చూడలేదు.

"ఎంత మంచిగ చెప్తున్నదిరా" అంది మేనత్త నిన్న. "అబద్ధమైతే గట్ల చెప్తదా?" ఆమె మెడ పక్కన చిన్న వాపు నాకు అప్పుడే కనబడింది.

వీడియో ఆపలేదు. చివరిదాకా విన్నాను, అక్క మాట విని చాన్నాళ్లయింది. తర్వాత ముఖం మీద వేలు పెట్టుకుని, గొంతు మీదికి దించి, మేనత్తకు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.