మా తమ్ముడు ఔటే

రంగూన్ నుంచి ఉత్తరం వచ్చిన పూట నేను రాజంపేట తాలూకా కచేరీ ముందు కూర్చుని ఒక రైతుకు బావి తగాదా మీద అర్జీ రాసిపెడుతున్నాను. పోస్టుమ్యాన్ చేతిలో బర్మా స్టాంపు కనపడగానే చెయ్యి తడబడి, రైతు పేరు రాయాల్సిన చోట నా పేరు రాసేశాను. ఆయన చదువురాని మనిషి. సంతోషంగా వేలిముద్ర వేసి పోబోయాడు. వెనక్కి పిలిచి మళ్ళీ రాసిచ్చాను. అప్పటికి యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు.

ఉత్తరం బియ్యం మిల్లు పాత మేనేజరుది. మిల్లు మళ్ళీ తెరుస్తున్నాం, ఓడలు నడుస్తున్నాయి, నీ గుమాస్తా కుర్చీ నీకే ఉంచాను, వస్తావో రావో నెలలోపల రాయి అన్నాడు. ఇంటికి తెచ్చి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె పుట్టింది రంగూన్‌లోనే, అక్కడి తెలుగు సాయిబుల ఇంట్లో. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. జొన్నలు చెరుగుతున్నదల్లా చేట ఆపి, "మల్లా యుద్ధమొస్తే మల్లా నడిచి రావల్ల గదా. నేను నడవను. నువ్వూ నీ కూతురూ పోండి" అంది.

ఆమె మాటా నిజమే. నాలుగేళ్ళ కిందట జపాన్ బాంబులకు జడిసి, పిల్లను భుజాన వేసుకుని, అరకాను కొండలు ఎక్కి దిగి, ఆపైన రైళ్ళలో కూలబడి ఈ ఊరు చేరాం. దారి పొడుగునా నాకు ఒకటే మాట: ఇంటికి పోతున్నాం. రాజంపేట స్టేషన్‌లో దిగి, కాళ్ళకు చుట్టిన గుడ్డలు విప్పేదాకా అదే అనుకున్నాను. ఆ తరువాత మొదలయ్యాయి నా తిప్పలు.

రంగూన్‌లో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు. కోరంగి ఎక్కడో తూర్పు తీరాన రేవు. నేను దాన్ని కంటితో కూడా చూడలేదు. అయినా పద్దెనిమిదేళ్ళు కోరంగివాణ్ణి అయ్యాను. మన ఊరు చేరితే మన పేరు మనకొస్తుంది కదా అనుకుంటే, ఇక్కడ రంగూన్ సాయిబునయ్యాను. బజారులో కాలు పెడితే "రండి రంగూన్ సాయిబూ, కూర్చోండి" అని బెంచీ తుడిచేవారు. కూర్చోగానే "మల్ల ఎప్పుడు పోతాండారు?" అని అడిగేవారు. మర్యాదకే అడుగుతారు, నాకు తెలుసు. కాని ఒళ్ళు మండిపోయేది. "వచ్చి నాలుగేళ్ళయిందప్పా, యాడికీ పోను" అంటే, "అట్లనా, శానా సంతోషం" అనేవారు. మరునాడు మళ్ళీ అదే అడిగేవారు.

ఊరి సంగతి అటుంచండి. నా బాధంతా మా తమ్ముడితో. దూది ఏకి పరుపులు కుట్టడం మా ఇంటి పని. నేను దాన్ని వదిలి ఓడెక్కేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు. తిరిగొచ్చేసరికి కిందబజారులో అంగడి పెట్టుకున్న మీసాల మనిషి. నెల రోజులు మమ్మల్ని తన ఇంట్లో ఉంచుకున్నాడు, తరువాత నాలుగిళ్ళ అవతల మాకొక కొంప చూసిపెట్టాడు. పండగకు కొత్త పరుపు పంపేవాడు. పిలిచి అన్నం పెడితే మంచి ముక్కలన్నీ నా పళ్ళెంలోనే. నేనేమన్నా "అట్లనే అన్నా" అనేవాడు. పొద్దున పడమర అంటే అట్లనే అన్నా. సాయంత్రం తూర్పు అంటే అట్లనే అన్నా.

"వాడు నాతో ఒక్కసారైనా పోట్లాడడేమే?" అని మా ఆవిడతో అన్నాను.

"మంచోడు కాబట్టి."

"కాదు. నేను చుట్టాన్ని కాబట్టి" అన్నాను. ఉత్తరం ట్రంకుపెట్టెలో పెట్టాను కాని, పోదామని ముప్పాతిక మనసు నాకు అప్పుడే కుదిరిపోయింది. ఎక్కడైనా పరాయివాడుగానే బతకాల్సి వస్తే, తెలిసిన కుర్చీలో కూర్చుని బతకొచ్చు కదా!

ఆ రోజుల్లోనే ఎలక్షన్లు. పైబజారు అంతా ఖద్దరు. మా కిందబజారులో సగం లీగు పచ్చజెండా, సగం మందికి ఏ జెండా చూసినా జడుపు. కాఫీ క్లబ్బులో అప్పటికే దేశం రెండు ముక్కలవుతుందని మాటలు. ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, ముక్కలైతే మీరు ఆ పక్కకు పోతారా సాయిబూ అని మెల్లగా అడిగాడు. "ఆ పక్క సంగతి తరవాత సూద్దాం లేప్పా. నాకు ఈ పక్కే ఇంకా దొరకలే" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఓటేమో పన్ను కట్టేవాళ్ళకూ, నాలాగా నాలుగక్షరాలు వచ్చినవాళ్ళకూ మాత్రమే. మిగతా ఊరికి అరుపులే. అందుకే కాబోలు, ఆదివారం క్రికెట్‌కు అంత జనం వచ్చేవారు. రైలు కట్టకు అవతల, పల్లేరుకాయలు ఊడ్చిన చదును నేల. మధ్యలో నాపరాళ్ళు పరిచిన పిచ్. మంగంపేట నుంచి తెచ్చిన ముగ్గురాయి పొడితో గీతలు. వడ్రంగి ఎర్రచందనంతో చెక్కిన బ్యాటు ఎంత బరువంటే, దాన్ని ఎత్తేలోగా బంతి వచ్చి పోయేది. పైబజారు ఒక పక్షం, కిందబజారు ఒక పక్షం. ఓటు పెట్టెదాకా పోలేనివాడు ఇక్కడ బ్యాటు పట్టుకుని తన కసి తీర్చుకునేవాడు. కాని ఎవరి అంపైర్‌ను వాళ్ళు తెచ్చుకునేవారు. ఏ అంపైరూ తన పక్షంవాణ్ణి ఔటివ్వడు. పది ఓవర్లు తిరక్కముందే కొట్లాట, ఆట బందు.

ఒకనాడు రెండు పక్షాలవాళ్ళూ కలిసి నా దగ్గరికి వచ్చారు. కిందబజారు కెప్టెన్ మా తమ్ముడే. పైబజారు కెప్టెన్ మద్రాసులో చదివొచ్చిన బట్టలకొట్టు ఆసామి కొడుకు. ఆ కుర్రాడే నోరు తెరిచి, "మీరు ఎవరి మనిషీ కాదు కదా సాయిబూ, మీరు నిలబడితే ఎవరికీ అనుమానం ఉండదు" అన్నాడు. పొగడ్తే. నా ముఖాన కొట్టినట్టుంది. మా తమ్ముడు పక్కనే ఉండి, ఆ మాట కాదంటాడేమోనని చూశాను. "అవునన్నా, నువ్వే సరి" అన్నాడు.

పొమ్మనాల్సింది. అనలేకపోయాను. అంపైర్ పని నా బలహీనత. రంగూన్‌లో మిల్లు దొరలు ఆడుతుంటే మొదట స్కోరు రాసేవాణ్ణి. ఒకనాడు అంపైర్ రాకపోతే నన్ను తోశారు. ఆ రోజు నేను వేలెత్తితే, ఆఫీసులో నన్ను నిలబెట్టి తిట్టే దొర నోరెత్తకుండా బ్యాటు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇరవై అడుగుల అవతల మన తెలుగు రేవు కూలీలు తెల్లబోయి చూశారు. స్వరాజ్యం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే, నాకు ముందు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. ఎవరేమనుకున్నా సరే.

ఒప్పుకుని, ఒక షరతు పెట్టాను. లెగ్ బిఫోర్ ఉంటుంది. తిన్నగా వికెట్ల మీదికి వచ్చే బంతికి కాలు అడ్డం పెడితే ఔటు. ఈ ఊళ్ళో అంతకుముందు ఆ మాట విన్నవాడు లేడు. "కాళ్ళు యాడ పెట్టుకోవాల మల్ల?" అన్నాడొకడు. రంగూన్ కథల్లో ఇదొకటి అనుకుని అందరూ తలలూపారు. మా తమ్ముడు కూడా ఊపాడు. "అట్లనే అన్నా."

ఆదివారం వచ్చింది. అవతలి కొసన రెండో అంపైరుగా మిషన్ బడి పంతులు నిలబడ్డాడు. ఆయన అందరికీ మంచివాడు, ఏమడిగినా నవ్వి నన్ను చూపించేవాడు. గొడవ లేకుండా చివరిదాకా వచ్చాం. కిందబజారుకు ఆరు పరుగులు కావాలి, ఆఖరి జోడీ, బ్యాటు మా తమ్ముడి చేతిలో. బంతి నాపరాయి మీద జారి వాడి మోకాలి కింద ఠపీమని తగిలింది. ఆ కాలి వెనక మధ్య వికెట్ పూర్తిగా దాగిపోయింది. మద్రాసులో చదివినవాడు ఒక్కడే "హౌజాట్!" అని అరిచాడు. కాలికి తగిలితే అరవాలని మిగతావాళ్ళకు తెలియనే తెలియదు.

అల్లా తోడు, అబద్ధం చెప్పను, ఒక్క క్షణం పల్లేరుకాయల వైపు చూశాను. తరువాత వేలెత్తాను.

"ఏందన్నా?" అన్నాడు వాడు.

"ఔటు."

"దెబ్బ తగిలిందీ నాకే, ఔటూ నాకేనా?"

జనం లేచారు. వాడు బ్యాటు అక్కడే పడేసి, కుంటుకుంటూ రైలు కట్ట దాటి పోయాడు. వెనక్కి చూడలేదు.

ఆ వారం నా ఇంటి ముందు తిరునాళ్ళే. మాంసం అంగడి ఆయన వాకిట్లో నిలబడి, "సొంత తమ్మునికే ఇచ్చినావే, నువ్వసలు మనిషివేనా?" అని కేకలేశాడు. క్షౌరం చేసేవాడు కత్తి నా గొంతు మీద ఆనించి, బంతి కాలికి పక్కనుంచి తగిలిందని నాచేత ఒప్పించబోయాడు. గెలిచిన పైబజారువాళ్ళు కూడా వచ్చి, "గెలిచినట్టే లేదప్పా, ఇట్ల చేసినావే" అని సణిగారు. మీరూ గీరూ ఎగిరిపోయింది. బెంచీ తుడిచేవాడు లేడు. ఎప్పుడు పోతాండావని ఒక్కడూ అడగలేదు, పోనిస్తే కదా! నాకు తిట్లు తినడం అంత రుచిగా ఎన్నడూ లేదు. అందరూ వచ్చారు, మా తమ్ముడు మాత్రం రాలేదు. ఉత్తరానికి గడువు ఇంకా నాలుగు రోజులు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక వచ్చాడు. టోపీ కూడా తీయలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"అది ఔటు కాదు" అన్నాడు.

"ఔటే."

"నాలుగేండ్లు నోరు మూసుకోనుండా. ఇంక ఉండలేను. నువ్వెవరు నాకు ఔటిచ్చేదానికి? నా పెండ్లికి వస్తానని రాసినావు. పెండ్లికొడుకును నేను, పసుపు గుడ్డలతో రెండు దినాలు టేషన్లో నిలబడినా. మెయిలు వచ్చినప్పుడల్లా పెట్టె పెట్టెకూ పరిగెత్తినా. నగుతాండిరి అందరూ. నీకోసరం నిక్కా ఒక దినం ఆపితిమి. నువ్వు రాలే. సెలవు దొరకలేదని జాబు రాసినావు." వాడు ఒక అడుగు ముందుకొచ్చాడు. "ఈ పొద్దు నిజం చెప్పు. అంత నిజాయితీగా వేలెత్తినావే, ఈ పొద్దు చెప్పు. సెలవు దొరకలేదా?"

తలుపు వెనక మా ఆవిడ గాజుల చప్పుడు ఆగిపోయింది. ఆమెకూ నేను నిజం చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. వాడు నాకేసి చూస్తున్నాడు. ఎనిమిదేళ్ళప్పుడు చూసినట్టే, అన్న ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"దొరికింది" అన్నాను.

"మల్ల?"

"దొరల పెద్ద ఆట ఉండె. అంపైరుగా నువ్వే నిలబడాలని నన్ను పిలిచిరి. ఆ పొగరులో... ఉండిపోయినా."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆటకోసరమా!" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "ఎవురు గెలిచిరి?" అన్నాడు.

"ఎవురూ లేదు. రంగూన్ వాన. పొద్దున్నుంచి రాత్రిదాకా వదలకుండా పడింది. ఆట జరగనే లేదు."

వాడు నన్ను వింతగా చూశాడు. పెదవి అదిరింది. ఏడుపేమో అనుకున్నాను. కాదు, నవ్వు. అరుగు మీద కూలబడి, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, పడి పడి నవ్వాడు. "దేవుడుండాడన్నా, దేవుడుండాడు" అన్నాడు. నవ్వుతుండగానే కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చి, మొదటి లోటా వాడికిచ్చి, రెండోది నా ముందు ఠక్కున పెట్టింది. నాతో లెక్క ఆమె తరువాత తేల్చుకుంటుందని అర్థమైంది.

"పెండ్లి సంగతి తప్పు నాదే రా, ఏమన్నా అను. కాని నువ్వు మాత్రం ఔటే" అన్నాను.

"కాదు."

"ఔటే."

టీ తాగి లేచాడు. వీధి దాకా పోయి, ఆగి, నా వైపు తిరక్కుండానే అన్నాడు: "రంగూన్ నుంచి జాబు వచ్చిందంట గదా. పోతే పో. నేనేమీ అడ్డం రాను. టేషన్‌కు మాత్రం నేను రాను. పంపేదానికీ రాను, పిలుచుకొచ్చేదానికీ రాను. ఒక తూరి నిలబడింది శాలు నాకు."

మరునాడు పొద్దున్నే, అందరి అర్జీలూ రాసే ఆ కలంతోనే మేనేజరుకు జవాబు రాశాను. దయతో నా కుర్చీ ఉంచినందుకు సలాములు, కాని నేను రాలేను, మా తమ్ముడు సెలవు ఇవ్వలేదు అని.